గడ్డి దుడ్డె

నయీంనగర్ నాలా పక్క టీకొట్టుల
నన్ను చూస్తనే గిన్నె మారుస్తడు భూమయ్య.
పాలు పడని డికాషన్, దంచిన అల్లం ముక్క.
"ఏం సారూ, షుగరా?"
బల్ల మీద రోజుకొక కొత్తాయన అడుగుతడు.
షుగర్ కాదు, గ్యాస్ కాదు,
ఒక్కపొద్దు గూడ కాదు.
జవాబు పొడుగుది, గ్లాసు చిన్నది.
తాగి లేచి పోత.

దసరానాడు మా చిన్నాయిన
యాటకూర గిన్నె నా ముందటికి జరిపి
యాదికొచ్చి మల్ల తనే గుంజుకున్నడు.
"కురుమోని ఇంట్ల పుట్టి
బాపనోళ్లల్ల కలిసినవారా?"
అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన.
వాళ్ల నెయ్యి గూడ నాకు పడదు చిన్నాయినా,
అందామనుకునే సరికి
ముచ్చట పత్తి ధర మీదికి పోయింది.

ఎండాకాలం బాలసముద్రంల ఇల్లు చూడవోయిన.
గేటుకు బోర్డు: శాకాహారులకు మాత్రమే.
కూర ముట్ట, గుడ్డు ముట్ట,
పెరుగు ముట్ట, తేనె గూడ ముట్టనని చెప్పిన.
ఇంటామె సంబురపడ్డది.
తాళంచెవి కొంగుముడి దాటి సగం దూరం వచ్చింది.
"ఇంతకు మీరు ఏమిటోళ్లు?"
చెప్పిన.
వాళ్ల తమ్ముడు దిగుతడట ఆ పోర్షన్ల,
ముందే మాట అయిపోయిందట.
నా పళ్లెం గురించి నేనెక్కడ నోరు తెరిచినా
ఆ బోర్డు నా నెత్తిమీద వేలాడుతనే ఉంటది.

అమ్మ మాత్రం గీ పంచాయతిలకు రాదు.
పొద్దుగూకినంక ఫోన్ల ఒకటే మాట:
"మరి ఏం తిన్నవ్ బిడ్డా?"
సర్వపిండి. పచ్చిపులుసు. మక్కగారెలు, నువ్వులపొడి.
"గవి ఎన్నడు తినలేదుర మనం?
దానికొక పేరెందుకు?"
వీగన్. నాకు గూడ నోరు తిరుగదు.
ఎనుమాముల దుకాణంల ఎవడో అంటగట్టిన
కొత్త విత్తనం ప్యాకెట్ మీది పేరు లెక్క.

ఓదెమ్మా, నీకు చెప్పనిదొకటున్నది.

నేను ఆరో తరగతి. ముసురు పట్టింది.
మన బర్రె ఈనిన దుడ్డె మూడొద్దులకే పోయింది.
తోలుల వరిగడ్డి కూరి, దబ్బనంతోని కుట్టి,
నాలుగు కట్టెలు కాళ్లకు పెట్టి
నువ్వే దాన్ని బర్రె ముందట నిలబెట్టినవ్.
వీపు మీద ఇంత ఉప్పు చల్లినవ్.
బర్రె వాసన చూసింది. ఆగింది.
నాకింది.
కండ్లు లేని ఆ మొఖాన్ని నాకి నాకి చేపింది.
సర్రుసర్రున ధార,
చెంబు నిండి నురగ పొంగింది.
నేను దీపం పట్టుకొని నిలబడ్డ.

ఆ పాలే నా హాస్టల్ ఫీజు.
ఆ పాలే నా బీఎస్సీ, నా నౌకరి,
నీ మోకాలు ఆపరేషన్.
నువ్వు మోసం చేసినవని ఎట్లంట?
వచ్చే కార్తె మంచిగుంటదని, బాకీ తీరుతదని
నీ ముందట గూడ నిలబెట్టిండ్రు గదా
ఏండ్లకేండ్లు ఏదో ఒక గడ్డిబొమ్మ.
నువ్వు గూడ నాకుకుంట నిలబడ్డవ్.

నాది గూడ సక్కటి లెక్క కాదు.
తోలుచెప్పులు ఇడిసి రెగ్జిన్‌వి కొన్న,
రెండు నెలలకే పగిలి నాలాల పడ్డయ్.
తాత నేసిన గొంగడి మాత్రం ఇంక ఉన్నది.
ఉన్ని ఏడికెల్లి వచ్చిందో ఎరుకే.
పుష్యమాసం చలికి కప్పుకుంట,
కప్పుకొని నిద్రపోత గూడ.

నిన్న రాత్రి ఫోన్ల అమ్మ గొంతు చిన్నగున్నది.
"ఈసారి దున్న దుడ్డె రా. దేనికి అక్కరకు రాదు.
ఇయ్యాల పొద్దుగాల ఇప్పేసిన.
కడుపునిండ తాగనిచ్చిన."
ఎందుకమ్మా?
"ఏమో. నువ్వు యాదికొచ్చినవ్.
కేంద్రంల రాసే పిలగాడు
కొలత తగ్గిందని మొఖం మాడ్సుకున్నడు."
కొంచెం సేపు ఇద్దరం ఏం మాట్లాడలే.
వెనుక ఎక్కడో చప్పరింపు వినవడ్డట్టే అనిపించింది.

"రేపటిసంది మల్ల కట్టేస్త" అన్నది.
"సంఘంల కిస్తీ ఉన్నది."