చిక్కెం

కరోనాకు ఇంకా పేరు గూడా పెట్టని చలికాలంలో
పెనుకొండ గేటు కాడ
నామ్ సారు నా కారెక్కినాడు,
మూతికి తెల్లగుడ్డ కట్టుకోని.

కొరియా ఆయన. కార్ల ఫ్యాక్టరీలో
రంగులేసే మిషన్లకు పెద్ద.
నామ్ అనేది నోరు తిరక్క
మా మేస్త్రి నామాలసామి అన్నాడు.
నేనైతే ఆ పొద్దు రెండుతూర్లు నా సంక వాసన జూసుకున్నా.
తెల్లార్తో పేడ ఎత్తినమాట నిజమే,
ఆ మాత్రానికి ఎదురుగా మూతి కట్టుకుంటారా?
బుడ్డల చేన్లో గుంటక తోలేటప్పుడు
ఎద్దుకు చిక్కెం కడతాం, ఆకు మెయ్యకుండా.
ఈయప్ప నా కార్లో ఏం మేస్తాడని?

వారం దినాలు పలకరించకుండా తోలినా.
ఎనిమిదో దినం ఫోన్లో ఏందో నొక్కి
నా ముందర పెట్టినాడు.
ఫోను ఆడగొంతుతో తెలుగు మాట్లాడింది, తుంపులు తుంపులుగా:
"నాకు జలుబు. నీకు రాకూడదు. క్షమించు."

మా వీధిలో జలుబు చేసినోడు
పక్కోని గ్లాసులో టీ తాగి
నాదీ నీదీ ఏముందప్పా అని నగుతాడు.
జలుబుకు క్షమాపణ చెప్పే ఊరు ఎట్లుంటాదో అని
సోమందేపల్లి దాకా
అద్దంలో ఆ రెండు కండ్లే సూస్తా పోయినా.

మార్చి దాటినాక అందరికీ చిక్కేలే.
అనంతపురం టవర్‌క్లాక్ కాడ లాఠీ ఆడితే
గడ్డం కింది గుడ్డ ముక్కు మీదికెక్కుతాది.
జీపు మలుపు తిరిగితే మళ్ళా గడ్డం కిందికి.
ఒకడు చెవికి యేలాడేసుకోని వక్కాకు నములుతాడు.
ఒకడు తుమ్మేదానికని మాస్కు దించుతాడు,
కొత్తదంట, పాడైతాదంట.
మా ఖాసింబీ చిన్నమ్మ కొంగు పైకి లాక్కోని
"నేను ముప్పై ఏండ్లుగా మూసుకున్నదే గదరా,
మీ మొగోళ్ళకు ఇప్పుడు ఉడుకెత్తె" అనింది.

కువైట్ నుంచి మాబున్ని ఫోను:
సేఠమ్మ ఇంట్లో వంట చేసేటప్పుడు గూడా విప్పకూడదంట,
ఉప్పు సూసేదానికి తిరుక్కోవల్లంట గోడ దిక్కుకి.
ఇంగేదో దేశంలో కట్టుకోమన్నందుకే
జనం బజార్లోకొచ్చి అరిసిరని టీవీలో సూపిచ్చిరి,
మా మొగం మా ఇష్టం అని.
మొగాలకు ఇన్ని చట్టాలుంటాయని
నాకు డ్రైవింగ్ లైసెన్సులో ఎవరూ చెప్పలా.

మా నాయిన దూదేకే మనిషి.
ధర్మవరం వీధుల్లో పరుపులు కుడతా
నలభై ఏండ్లు పాత లుంగీపేలిక మూతికి కట్టినాడు.
కనురెప్పల మీద దూది, మీసం మీద దూది,
సాయంత్రం ముసలోడై వచ్చి
నీళ్ళు పోసుకుంటే మళ్ళా పడుచోడయ్యేటోడు.
ఆ పేలిక ఎట్లుందని ఎవరూ అడగలా.
ఫైను వెయ్యలా. పంచిపెట్టలా.
ఇప్పటికీ రాత్రి మూడు గంటలకు
ఎవరి పరుపో ఆయన ఎదలో నుంచి దగ్గుతాది.

రెండో సంవత్సరం, గుట్టూరు దాటినాక
రోడ్డుపక్క హోటల్లో ఉగ్గాని తెప్పిచ్చినా.
నామ్ సారు గుడ్డ తీసినాడు.
ఎవరో వేరే మనిషి కూర్చున్నట్టయింది.
పైపెదవి మీద చిన్న కోత, పాతది.
ముందరి పల్లొకటి వంకర.
ఇంత దినం నేను కండ్లకు తగ్గట్టు
ఒక మొగం చేసి పెట్టుకున్యా, అది ఈయనది కాదు.
నేనూ తువ్వాలు దించినా.
ఆయనా అట్లే సూసినాడు, నోట్లో ముద్ద నిలబెట్టి.
మిరపకాయ బజ్జి కొరికినాక
ఇద్దరి కండ్లలో నీళ్ళు,
ఎవరివి దేనికో అడుక్కోలా.

పోయేటప్పుడు ఒక డబ్బా మాస్కులిచ్చిపోయినాడు.
నాయిన ఒకటి కట్టుకోని సూసి
"గాలాడ్తాలేదురా" అని పేలికే ఎతుక్కున్నాడు.

మొన్న నాకు జలుబు.
ఆ డబ్బాలో అడుగున ఒకటుంటే కట్టుకోని
కొత్త ఆఫీసరు కోసం గేటు కాడ నిలబడినా.
ఎక్కతానే ఆయన మొగం చిట్లించె:
"అంతా అయిపోయింది గదయ్యా, ఇంకా ఏంటికిది?"
"మీకు రాకూడదని సార్" అన్నా.

ఆయన ఒకతూరి తన సంక వాసన జూసుకోని
కిటికీ అద్దం దించినాడు.