ఖాలి పేట

గుణుపురం బస్టాండు ఎదుట మందుల కొట్టు.
చీటీ ఇంగ్లీషుది, వచ్చిన మనిషి సవర,
మధ్యన నేను, నా కత్తెర.

చదువు రాకపోతే మాత్రల అట్ట మీద బొమ్మలేస్తాను:
పొద్దుటిదానికి సూర్యుడు, రాత్రిదానికి చంద్రుడు.
అమావాస్యకి బీపీ మాత్ర మానేశాడు లచ్చన గొమాంగో.
"చంద్రుడే రాలేదు కదా బాబూ."
అప్పట్నించీ చంద్రుణ్ణి తీసేసి
బుడ్డి దీపం గీస్తున్నాను.

చక్కెర మాత్ర అన్నం మధ్యలో.
కాళ్లు వాచినా, పొడిదగ్గు పట్టుకున్నా
మానెయ్యకు, వచ్చి చెప్పు.
నొప్పి మాత్ర మటుకు ఖాళీ కడుపున వద్దు.
ఒడియాలో కడుపంటే పేట.
ఖాలి పేట అన్నప్పుడల్లా నాకు
ఇటుక బట్టీలకి తరలిపోయి
తాళాలు వేలాడే వీధి కనబడుతుంది.

సుక్రి వణుకుతూ వచ్చింది ఒకరోజు.
ఉచ్చ ఎర్రగా పోతోందని, రక్తమనుకుని,
ఆస్పత్రిలో ఇచ్చిన టీబీ బిళ్లలన్నీ
వంశధారలో కలిపేసిందట.
అది మందు రంగేనే తల్లీ!
అక్కడెవరూ చెప్పలేదు.
అంతకుముందు మూడు సీసాల దగ్గు మందు అమ్మి
నేనూ ఏమీ అడగలేదు.

కొట్టు మూసి, తోడెళ్లి మళ్లీ రాయించాను.
ఆర్నెల్లు. ఒక్క రోజూ తప్పకూడదు.
ఇప్పుడు సంతరోజున వచ్చి
బండి మీది కమలాపండు చూపించి నవ్వుతుంది:
వేసుకుంటున్నాను, ఇదిగో ఈ రంగు.

ఖాలి పేటనే వేసుకోవాలి సుమా, అన్నాను.
"అన్ని మందులూ అన్నం అడుగుతాయి," అంది,
"ఇదొక్కటే మా ఇంట్లో ఉన్నది అడిగింది."