పక్కవాళ్ల బొమ్మ

బడి తెరిచిన నాలుగో రోజు.
మూడో తరగతి, ఇరవై ముగ్గురు.
సగం మంది చీమకుర్తి వాళ్లు కారు,
క్వారీ వెంట వచ్చినవాళ్లు.
రాయి తవ్వే చోటు మారితే
నా హాజరుపట్టీలో పేర్లూ మారతాయి.

బల్ల మీద కుప్పబోశాను:
పాత శుభలేఖలు, చీపురుపుల్లలు,
పొగాకు బ్యారన్ దగ్గర అడిగి తెచ్చిన పురికొస,
టైలర్ ఖాజావలీ ఇచ్చిన గుడ్డపీలికలు,
చింతగింజలు, గిన్నెడు మైదా జిగురు.

"ఎవరి బొమ్మ వాళ్లు చేసుకోగూడదు.
పక్కన కూర్చున్నవాళ్ల బొమ్మ చెయ్యాల.
అడక్కుండా ఏదీ అతికించగూడదు."

కాసేపు గమ్మునుండారు.
తర్వాత రేకుల మీద వాన పడ్డట్టు
ఒకటే అడగడం.
"మీ ఇంట్లో ఎంతమంది?"
"మేకల్ని గూడా కలపాల్నా?"
"నీ మోకాలి మీద ఆ మచ్చేంది?"
సైకిలు, కుక్క, కందిచేలో పడ్డం,
అంతా విని తిరుపతమ్మకి దిగులు:
"టీచరా, ఇంత కథ యాడ అతికించేది?"

మూల బెంచీలో మస్తాన్‌బీ.
దాని పక్కన,
నేను గవరయ్య అని రాసుకున్న పిల్లాడు.
ఒడిశా నించి వచ్చి మూడు వారాలు,
అడిగినదానికల్లా తలూపుతాడు.
అన్నానికీ అదే ఊపు, దెబ్బ తగిలిందా అన్నా అదే ఊపు.
వాడి బొమ్మకి చొక్కా వచ్చింది, జుట్టొచ్చింది,
కళ్లకి రెండు నల్లరాతి పెళ్లలు,
ఎండకి తిప్పితే లోపల బంగారు నలకలు.
నోరు లేదు.
"మరిచిపోయావా?" అన్నాను.
"వాడింకా మాట్లాడలేదు గదా టీచరా,
ఎట్టాంటి నోరో నాకేం తెలుసు?"

ఇరవై ముగ్గురిలో ఒకడు మిగిలాడు, మాలకొండయ్య.
స్టూలు ఈడ్చుకుని నా పక్కన కూర్చున్నాడు,
జిగురు చేతులతో, పోలీసు లాగా.
"మీకేమంటే భయం?"
పదకొండేళ్లు పనిచేశాను ఈ బళ్లో,
హెడ్మాస్టర్లు జీతం అడిగారు, సొంతూరు అడిగారు,
ఇది ఎవరూ అడగలేదు.
"బల్లి" అన్నాను.
వాడు నా మొహం చూశాడు.
సరేలే అన్నట్టు
నా కాగితపు భుజం మీద ఒక బల్లిని అతికించాడు.

పన్నెండుకి సైరన్ మోగింది.
చెవులు మూసుకునేవాళ్లు, కేకలేసేవాళ్లు,
ఊరివాళ్లకిది అలవాటే, ఆట కూడా.
ఆ పిల్లాడొక్కడు కిందకి దిగి
అరచెయ్యి నేలకి ఆనించాడు.
ధన్‌మని ఒకటి. కిటికీ ఊచలు వణికాయి.
"ఎక" అన్నాడు.
ఇంకోటి. "దుయి."
మస్తాన్‌బీ కూడా దిగింది, చెయ్యి పెట్టింది.
"తిని." "తిని" అంది అదీ.
"చారి."
ఆగింది. అయినా వాడు చెయ్యి తియ్యలేదు,
ఐదోది రాదని నమ్మకం కుదిరాక
ఊపిరి వదిలి లేచాడు.
వాళ్ల నాయన ఆ గుంటలోనే ఉండాడు.

మస్తాన్‌బీ పరిగెత్తింది.
పెళ్లికార్డు మీది ఎర్ర గణపతిని చింపి
గుండ్రంగా కత్తిరించి, ముద్దగా జిగురు పూసి
నోరు పెట్టింది,
'దుయి' అనేటప్పుడు వాడి పెదాలు ఎట్టా ముందుకొచ్చాయో
అచ్చం అట్టా.
వెనకాల పేరు రాసింది,
వాడు పలికించగా మూడుసార్లు కొట్టేసి: గౌరాంగ.
నేను రిజిస్టరు తెరిచాను,
ఎర్రసిరాతో గవరయ్యని కొట్టేశాను.

సాయంత్రం బొమ్మలన్నీ పురికొసకి వేలాడదీశాం.
ఇరవై మూడు, ఇంకా నేను.
గాలికి ఒకళ్లనొకళ్లు తగులుకుంటున్నారు.
తాళం వెయ్యబోతూ చూశాను:
నా బొమ్మ భుజం మీద బల్లి లేదు,
పీకేసిన చోట జిగురు మరక.
రెండు చెవుల్లో
చిటికెడు చిటికెడు దూది.

మాలకొండయ్య అప్పటికే గేటు దాటాడు.
ఎవరికీ చెప్పినట్టు లేదు.