హే కాయ్?

సిరొంచ దవాఖానల
మా అత్త పోశుబాయిని బల్ల మీద పండవెట్టిన్రు.
వాచిన మోకాలు చూద్దామని
చీర పైకి జరిపిన నర్సు
ఎడమ తొడ కాడ ఆగిపోయింది.
జానెడు మేర ఒక్క వెంట్రుక లేదు.
తోలు గవ్వ లెక్క నున్నగ,
లోపల సన్నటి గీతలు.

"హే కాయ్?" అన్నది.
చంద్రపూర్ పిల్ల, కొత్తగొచ్చింది.
ఇదేంది అని అడిగింది మరాఠీల.

అత్తకు మరాఠీ వచ్చు, సంతల బేరమాడేటంత.
నొప్పి లేస్తే ఆ కాస్తా మరుస్తది.
"అవ్ బిడ్డా, కాయనే" అన్నది.
"పట్టుకాయ."

మద్దిచెట్టుకు రెండు కాపులు.
ఒకటి చెట్టు కాస్తది, ఒకటి పురుగు కాస్తది.
పురుగు కొమ్మ మీదున్నన్నొద్దులు
మామ అడివిలనే పండేటోడు.
నెత్తికి నూనె లేదు, కూరల నీసు లేదు.
కాకులను తిట్టాలంటే వాగు దాక పోయి
అక్కడ తిట్టి వచ్చేటోడు,
పురుగు ఇంటే ఆకు ముట్టదని.

బూడిద నీళ్లల్ల కాయలు ఉడికిన వాసనకు
కొత్త కోడలిని, మూడు పూటలు బువ్వ తినలే.
నాలుగో పూట అత్త పీట జరిపి
"కూసో" అన్నది. అంతే.

అయిదు కాయల పోగులు ఒక్కటి జేసి
తొడ మీద వెట్టి ఎడమ అరచెయ్యి దించుతది.
చెయ్యి పోయిన దారెంట దారం పుడతది.
కుడిచెయ్యి దాన్ని కర్రచట్రానికి చుడతది.
పొద్దు గూకేసరికి పిడికెడు.
ఆ పట్టుచీర నువ్వెప్పుడన్న కట్టినవా అని
అందరు అడుగుతరు. మీరన్న అడగకున్రి.

సంఘపోళ్లు మిషిన్ తెచ్చిన్రు.
తొడ మీద తీసుడు ఇజ్జత్ తక్కువ అన్నరు.
అత్త మిషిన్ దారం వేళ్ల నడుమ నలిపి
"సాఫ్ గున్నది" అన్నది,
ఉప్పు లేని గంజిని మెచ్చుకున్నట్టు.
నేను మిషిన్ మీదనే తీస్త.
నా తొడ నా తొడ లెక్కనే ఉన్నది.
నాకదే బాగున్నది, అబద్ధమెందుకు.

ఇత్తనం కాయలు మాత్రం ఇంకా
దండ గుచ్చి చూరుకు కడతది అత్త.
ఆడ చిలుక బయటికొచ్చి, కదలక కూసుంటది.
నడిజామున ప్రాణహిత దాటి
తెలంగాణ దిక్కు నుంచి
మగ చిలుకలొస్తయి.
వాటినెవలూ ఏ రాష్ట్రమని అడగరు.

నర్సు కాయితం మీద ఏందో రాసింది.
"ఏం రాసిందే?" అన్నది అత్త.
"జునీ జఖమ్. పాత గాయమట."
"గాయం గాదే" అని
కండ్లు మూసుకొని, తొడ మీద
అరచెయ్యి ఒక్కసారి కిందికి దించింది.
నడుమ దారం లేదు.

సూది తెచ్చి, ఏ చెయ్యి అని అడిగింది నర్సు.
అత్త ఎడమచెయ్యి కొంగుల దాచుకొని
కుడిది చాపింది.