ఆరు మీటర్లు

గుణుపురం ఏటిగట్టు బడిలో
కంటి శిబిరం పెట్టిన రోజు
టేపు చివర తొక్కిపట్టి సుద్దగీత గీశాను.
ఆరు మీటర్లు.
అటు గోడకు ఒడియా అక్షరాల పటం,
ఇటు వరసలో ముప్ఫై ఒక్క మంది.

కుంతలకు ఏడేళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా.
పై వరస చదివింది, మూడోదీ చదివింది,
అట్టడుగు వరస దగ్గర ఆగిపోయి
"అవింకా పిల్లలు సారూ,
పెద్దయ్యాక చదువుతాను" అంది.

నేను నవ్వలేదు. కార్డు మీద ఏదో ఒకటి రాయాలి కదా.

అన్నాల వేళ
వంశధార ఇసుకలో ఎవరో పోతున్నారు,
నెత్తిన మూట, వెనక మేక.
"మా మావ! చూడండి, పిల్లాడంత అయిపోయాడు.
అవతలికెళ్తే చీమంతవుతాడు.
సాయంత్రం ఇంటికొచ్చేసరికి
మళ్లీ గుమ్మం తలకి తగుల్తాది."
చెప్పులరిగినట్టు
నడిస్తే మనిషి తగ్గుతాడు, అంతే.

కళ్లజోళ్ల పెట్టె మీద కూర్చుని నేనూ చూశాను.
నాకు మనిషి తగ్గలేదు.
అయిదడుగుల ఆరంగుళాలవాడు, అక్కడున్నాడు.
ఎప్పుడు నేర్చిందో ఈ కన్ను
కనబడింది కొట్టేసి తెలిసింది రాసుకోవడం,
తక్కెట్లో షావుకారు వేలు ఆనించినట్టు.

ఏరు మాత్రం పెరిగింది.
పాతికేళ్లప్పుడు ఈ ఇసుక నాకు ఒక బీడీ దూరం.
ఇప్పుడు ముందు ఎడమ మోకాలు చూస్తుంది
తర్వాతే కళ్లు.
చేతిలో ఈ పెట్టె ఉందా,
అవతలి గట్టు ఇంకో నాలుగు బారలు జరుగుతుంది.
ఏ టేపుకీ చెప్పుకోలేదు ఈ సంగతి.

వంట చేసే సుకాంతి గరిటె కడుగుతూ
కొండలు దగ్గరికొచ్చాయి, వానేనంది.
నిజమే. పొద్దున పొగలా ఉన్న కొండ
చెట్టు చెట్టూ విడివిడిగా
బడి కప్పు మీదికి వంగి ఉంది.
కుంతల లేచి రెండు చేతులూ చాపింది,
మీదికొస్తే ఆపడానికి.
నేనూ, చెబితే సిగ్గు,
ఒక అడుగు వెనక్కి వేశాను.

కుడి ఆరు బై తొమ్మిది. ఎడమ ఆరు బై పద్దెనిమిది.
పరీక్ష ఫ్రేములో అద్దాలు బిగించి
దాని చిన్న ముక్కు మీద నిలబెట్టి అడిగాను:
"ఇప్పుడు చూడు. మీ మావ ఎంతున్నాడు?"

అవతలి గట్టున మూట దించుకుని కూర్చున్నాడతను.
చాలాసేపు చూసింది.
మెడ అటు తిప్పి, ఇటు తిప్పి
"అంతే ఉన్నాడు, చీమంతే.
కానీ సారూ,
చెవులున్నాయి."