ముళ్ళ లగాం

సందుగల అబ్బా టాంగా లగాం ఉన్నది.
ఇత్తడి పువ్వులు, ఎర్రూలు కుచ్చులు,
నోట్లెకు పోయే కడ్డీకి మాత్రం
పల్లేరుకాయల లెక్క ముళ్ళు.

"స్టేషన్ రోడ్డు మీద లారీలు తిరుగుతయి బిడ్డా,
చేతిల పట్టు ఉండాలె" అన్నడు అబ్బా
మంచంలకెల్లి లేవకుండనే.

సుర్మా ఆ పట్టుకు దొరకలే.
నాలుగేండ్ల నల్ల ఆడగుర్రం,
మక్తల్ దిక్కు పెండ్లి ఊరేగింపులాయన
"దీనితోని నాతోని కాదు" అని అగ్గువకు అమ్మిండు.
గొలుసు చప్పుడు వింటె చాలు
తల మొగులుకు ఎత్తేది,
ఉడుకుతున్న గంజి మీద మూత ఎగిరినట్టు.
మూడు వారాలు నేను దాన్ని పొగరు అనుకున్న.
మా గల్లీ అంతా అనుకున్నది.

ఆటోలు లేవకముందే
వట్టి మోకుతోని నడిపించుకుంట
క్లాక్ టవర్ వెనక ఆశప్ప దగ్గరికి పోయిన.
ఇప్పుడాయన బడిసంచుల జిప్పులు కుడుతడు.
జీను కుట్టి పదకొండేండ్లయిందట.

నేను తెచ్చిన లగాం దిక్కు చూడలే.
చేతులు కడుక్కొని
సుర్మా పెదవి మూలల బొటనవేలు పెట్టిండు.
"ఇక్కడ పండ్లుండయి మహమూదా.
దేవుడు ఖాళీ ఉంచిండు.
మనం ఇనుము పెట్టినం."
నాలుక మీద గట్టిపడ్డ గీత ఒకటి
నాకు గూడ తాకించిండు.

"నువ్వొకసారి నోట్లె పెట్టుకో" అన్నడు.
నవ్వుతలేడు.
చున్నీకి తుడిచి
అబ్బా లగాం పండ్ల నడుమ పట్టిన.
తుప్పు. చల్లదనం. ఎప్పటిదో ఉప్పు.
ఆశప్ప చిటికెనవేలితోని పటకను
జరంత, జరంతనే గుంజిండు.
నా తల దానంతటదే
మొగులుకు లేసింది.

తర్వాత మేమిద్దరం ఎక్కువ మాట్లాడలే.
రేకు డబ్బాలకెల్లి మూడు నున్న కడ్డీలు తీసిండు.
సన్నది దారం లెక్క కోస్తదట,
లావుది నోరు మూయనియ్యదట.
నడిమిది తీస్కున్నం, మధ్యల కీలున్నది.
చెవుల వెనక బొక్కకు ఒత్తకుండ
పటక వెడల్పుగ కోసి, లోపల
వానలకు నాని నాని మెత్తబడ్డ గొంగడి ముక్క కుట్టిండు.
తోలుకు ఆముదం నేను రాసిన.
గొంతు కింద నాలుగు వేళ్ళ సందు.
పెదవి మూలల రెండు ముడతలు పడాలె,
మూడు పడితె నొప్పి,
పడకపోతె కడ్డీ పండ్లకు కొట్టుకుంటది.
ఎనిమిది వందలన్నడు.
ఐదిచ్చిన. మూఢం పోయినంక మిగిలినయి.

చలిపొద్దుల కడ్డీని చంకల పెట్టుకొని
వెచ్చగైనంక చూపిస్త.
సుర్మా నములుతది, నురగ తీస్తది,
ఇదేందని నన్నడుగుతున్నట్టు
చెవి ఒక్కటే వెనక్కి తిప్పుతది.

ఏనుగొండ కాడ లారీ హారన్ కొట్టంగనే ఉరికింది.
అబద్ధమెందుకు, నాకు పానం పోయింది.
ఆముదం చేను సగం తొక్కినం,
చేను ఆయన తిట్లు ఇంకా చెవులల్ల ఉన్నయి.
నేను గుంజలే. వేళ్ళు బిగిసినయి, వదిలినయి, బిగిసినయి.
గట్టు కాడ ఆగింది.
నేనాపిన్ననో, అదే ఆగిందో
ఇప్పటికీ చెప్పలేను.

పాత సామాన్లాయన ముళ్ళ కడ్డీని తూచిండు.
పావుకిలకు తక్కువ.
చాయ పైసలు వచ్చినయి.

ఇత్తడి పువ్వులు విప్పి అబ్బా చేతిల పెట్టిన.
ఒక్కొక్కటి బొటనవేలితోని రుద్దుకుంట
చాలాసేపు కూసున్నడు.
ఇరవై ఏండ్లల్ల ఆ పేరు ఎన్నడు తియ్యలే,
"మన రంగీలా" అన్నడు,
"గడ్డి మస్తు మెల్లగ తినేది, యాదికున్నదా?"