పేళ్లు

నా పని సులువు.
హినోకి చెక్క మీద నిన్నటి సిరాను
చిన్నకత్తితో గీకి తెల్లగా చేయడం.
కాగితం బుద్ధుడి సూత్రాలకి.
ఉప్పు లెక్కకీ, ఎండుచేపల పన్నుకీ, కొలువు హాజరుకీ
రెండు వేళ్ల వెడల్పు చెక్క చాలు.
ఎవరి పేరైనా మూడు గీకుళ్లు.
పేర్లు పేళ్లయి ఒళ్లో రాలతాయి.
సాయంత్రం దులుపుకొని లేస్తాను.

ఎడమ మంత్రి ఒకితరి, మికురా వంశం వాడు,
గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు.
తెల్లవారి నగారా మోగకముందే వచ్చి
హాజరు చెక్కల దొంతర ముందు కూర్చునేవాడు.
చిటికెన వేలితో ఒకదాన్ని పక్కకి జరిపేవాడు,
అంతే.
మధ్యాహ్నానికి ఆ చెక్క నా బుట్టలో,
మర్నాటికి ఆ మనిషి ఓడలో,
ఉప్పుగాలి తప్ప పలకరించే దిక్కులేని దీవికి.

హనివరి కుసుహితో పేరు గీకిన రోజు గుర్తుంది.
మంచి దస్తూరీ. సిరా లోతుగా దిగింది.
ఐదో గీకుకి గానీ వదల్లేదు.
ఏం చేశాడని గుమాస్తాని అడిగాను.
"కూతురు చక్కనిది" అన్నాడు గొంతు తగ్గించి,
"యువరాజు రెండుసార్లు చూశాడట."

మంత్రికి నలుగురు కూతుళ్లు.
మికురా వాళ్లు కత్తి పట్టరు. పిల్లనిస్తారు.
ఇద్దరు చక్రవర్తులకి మామ,
మూడోవాడికి తాత.

ఆ మూడోవాడు సింహాసనమెక్కిన రోజు
తెర వెనక నేనున్నాను,
పేర్ల వరస తప్పకుండా చెక్కలు అందిస్తూ.
ఐదేళ్ల పిల్లాడు. కిరీటం ముందు ముత్యాల జాలరు.
సముద్రం దాటి వచ్చిన దూతలు
కంకర మీద నుదురు ఆనించి ఇంకా లేవలేదు,
పిల్లాడు కాళ్లు దగ్గర పెట్టుకొని మెలికలు తిరిగాడు.
తాత చేయి చాపి
మనవడి వీపు మీద అరచెయ్యి ఆనించాడు.
పిల్లాడిక కదల్లేదు.
చెక్కుచెదరని ముఖమని
ఆస్థాన లేఖకులు రాసుకున్నారు.
నాకు మాత్రం
పట్టు పరుపు కింద నుంచి సన్నగా
తడి దారి చేసుకుంటూ రావడం కనబడింది.
మంత్రి నా వైపు చూశాడు.
తన ఊదారంగు అంగీ అంచు
నెమ్మదిగా దాని మీదకి లాక్కున్నాడు.

అది ప్రేమో లెక్కో
ఈ రోజుకీ తేల్చుకోలేను.

ఆ పిల్లాడి తల్లి, రెండో కూతురు అసతోజి,
మరుసటి చలికాలం పురిట్లో పోయింది.
మూడో రాత్రి మంత్రి ఒక్కడే నా గదికి వచ్చాడు,
దీపం కూడా లేకుండా.
చేతిలో వంటశాల చెక్క:
"అసతోజి గారికి, పాలు, రెండు గిన్నెలు, ఉదయం."
"కత్తి ఇలా ఇవ్వు" అన్నాడు.
మొదటి గీకుకే బొటనవేలు తెగింది.
రాజ్యంలో సగం పేర్లు చెరిపినవాడికి
కత్తి ఏ వైపు పట్టుకోవాలో తెలియదు.
నెత్తురు "పాలు" మీద పడింది.
చెక్కని చేతిముడతలో దాచుకొని వెళ్లిపోయాడు.
నాకు జీతం పెంచలేదు, దీవికీ పంపలేదు.

ఆయన పోయి ఏడేళ్లు.
కొత్త వంశం, కొత్త కూతుళ్లు.
ఆయన పేరు నా బుట్టలోకి వస్తుందని ఎదురుచూశాను.
రాలేదు.
హాజరు తీసుకునేవాడి హాజరు
ఎవరూ రాయలేదు మరి.

నిన్న తూర్పు గోడ కాలవ పూడిక తీయించారు.
మోకాలి లోతు నల్ల బురద,
అందులో ఇన్నేళ్లుగా నేను పారబోసిన పేళ్లు.
కుళ్లిపోయి ఉంటాయనుకున్నాను.
ఒకటి తీసి నీళ్లలో ఝాడించాను.
ఉల్లిపొరంత పలచన.
సగం అక్షరమే, అయినా దస్తూరీ గుర్తుపట్టాను.
హనివరి.
సిరా రాత్రి రాసినంత నల్లగా ఉంది.

కావలివాడు "ఏమిటది?" అన్నాడు.
"చెత్త" అన్నాను.
బురదలో తీసినచోటే, కాస్త లోతుగా,
మళ్లీ గుచ్చి వచ్చాను.